సహజవాయువుతో నడిచే బండ్లు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

సీఎన్‌జీ, అంటే బాగా ఒత్తి నింపిన సహజవాయువుతో నడిచే వాహనాల గురించి ఈ శీర్షికకు కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలను ఒకచోట చేర్చి, ఎక్కువమందికి పనికివచ్చే ప్రశ్నలకు ఈసారి సమాధానాలిస్తున్నాం. చాలామంది ఇంజను గురించే అడిగారు. నిజానికి ఈ బండ్ల విషయంలో ఇంజను కంటే సిలిండరు, సిలిండరు కంటే బంకు, బంకు కంటే దాని వెనకున్న పైపులైను ముఖ్యమైనవి. అందువల్ల కొన్ని జవాబులు అడిగిన ప్రశ్నను దాటి కాస్త ముందుకు వెళ్లాయి.

ప్రశ్న: రోజూ బడికి రానుపోను 30 కిలోమీటర్లు ప్రయాణిస్తాను. మా తమ్ముడు సీఎన్‌జీ కారు కొనమంటున్నాడు. షోరూంలో అదే మోడల్ పెట్రోలు కారు కంటే 90 వేల రూపాయలు ఎక్కువ చెబుతున్నారు. గిట్టుబాటవుతుందా?
– ఒక ఉపాధ్యాయిని, తాడేపల్లిగూడెం

జవాబు: గిట్టుబాటు మీరు తిరిగే దూరాన్ని బట్టి ఉంటుంది కనుక ముందు లెక్క చూద్దాం. ఒక కిలో సహజవాయువులోని శక్తి సుమారు లీటరున్నర పెట్రోలులోని శక్తికి సమానం. లీటరు పెట్రోలుకు 18 కిలోమీటర్లు నడిచే చిన్న కారు కిలో గ్యాస్‌కు 26 కిలోమీటర్ల దాకా నడవడానికి కారణం ఇదే తప్ప ఇందులో ఇంజను గొప్పతనం ఏమీ లేదు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, గ్యాస్ కిలో 95 రూపాయలు అనుకుంటే, కిలోమీటరుకు పెట్రోలు మీద ఆరు రూపాయల చిల్లర, గ్యాస్ మీద మూడు రూపాయల 65 పైసలు ఖర్చవుతాయి. అంటే కిలోమీటరుకు మిగిలేది రెండున్నర రూపాయలకు కాస్త తక్కువ. ఆ లెక్కన అదనంగా పెట్టిన 90 వేలు చేతికి తిరిగి రావాలంటే కారు 36, 37 వేల కిలోమీటర్లు తిరగాలి. బడి సెలవులు పోగా, పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరిగే దూరం కలుపుకున్నా మీకు ఏడాదికి 9 వేల కిలోమీటర్లు దాటకపోవచ్చు. అంటే నాలుగేళ్లు పడుతుంది. కారు అప్పు మీద కొంటే ఆ అదనపు సొమ్ముకు కట్టే వడ్డీ మరో ఆరు నెలలో, ఏడాదో వెనక్కి లాగుతుంది. రోజుకు 60, 70 కిలోమీటర్లు తిరిగేవారికి మాత్రం రెండేళ్లలోనే ఖర్చు వెనక్కి వస్తుంది. మీ తమ్ముడు అంత దూరం తిరిగేవారైతే ఆయన లెక్క ఆయనకు సరైనదే. మీకు మాత్రం నేను పెట్రోలు కారునే సూచిస్తాను.

ఒకవేళ గ్యాస్ కారే తీసుకోదలిస్తే మూడు సంగతులు గమనించండి. మామూలు చిన్న కార్లలో అమర్చే 60 లీటర్ల నీరు పట్టేంత సిలిండరులో ఎనిమిది, తొమ్మిది కిలోలకు మించి గ్యాస్ పట్టదు కనుక రెండు వందల కిలోమీటర్లకొకసారి బంకు వెతుక్కోవలసి ఉంటుంది. ఉక్కు సిలిండరు ఒక్కటే సుమారు ఒక మనిషి బరువు ఉండి డిక్కీని దాదాపు ఆక్రమిస్తుంది. ఈ ఇబ్బంది తగ్గించడానికే కొన్ని కంపెనీలు ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవాటిని డిక్కీ అడుగున అమరుస్తున్నాయి. ఇక బంకు మీరు రోజూ వెళ్లే దారిలో ఉందో, లేదో చూసుకోండి. గ్యాస్ కోసం పనిగట్టుకుని పది కిలోమీటర్లు వెళ్లి, వరుసలో అరగంట నిలబడే పరిస్థితి ఉంటే పైన చెప్పిన లెక్క అంతా తారుమారవుతుంది.

ప్రశ్న: అయ్యా, నా ఆటోకు ఒక బంకులో పట్టిన గ్యాస్ ఇంకో బంకులో పట్టదు. వేసవి మధ్యాహ్నం అయితే మరీ తక్కువ పడుతుంది. ముల్లు నిండుగా చూపించి, టీ తాగి వచ్చేసరికి దిగిపోతుంది. బంకువాళ్లు మోసం చేస్తున్నారా?
– ఆటో డ్రైవరు, విజయవాడ

జవాబు: మీరు గమనించిన మూడూ నిజమే గాని వాటిలో మోసం ఉండవలసిన అవసరం లేదు. సీఎన్‌జీని ద్రవంగా మార్చరు. వాయువుగానే ఉంచి, సుమారు 200 బార్ పీడనం దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు రెండు వందల రెట్లు ఒత్తి సిలిండరులోకి ఎక్కిస్తారు. బంకులో నింపేటప్పుడు గ్యాస్ వేగంగా దూసుకువచ్చి లోపల ఒత్తుకుపోవడంతో సిలిండరు వేడెక్కుతుంది. వేడి వాయువు తక్కువ బరువుతోనే ఎక్కువ పీడనం చూపిస్తుంది. ఆ పీడనం నిర్ణీత హద్దును తాకగానే యంత్రం ఆగిపోతుంది. మీరు టీ తాగి వచ్చే లోపల సిలిండరు చల్లబడి, బరువు అంతే ఉన్నా పీడనం పడిపోయి ముల్లు దిగుతుంది. ఎండ 44, 45 డిగ్రీలున్న మధ్యాహ్నం సిలిండరు ముందే కాగి ఉంటుంది కనుక ఇంకా తక్కువ పడుతుంది. తెల్లవారుజామున నింపించుకుంటే అదే సిలిండరులో కొంత ఎక్కువ పడుతుందని పాత డ్రైవర్లు చెప్పే మాటకు ఇదే ఆధారం.

బంకుకూ బంకుకూ ఉన్న తేడాకు కారణం వేరు. నేరుగా పైపులైను మీదున్న బంకులో కంప్రెసరు ఎప్పుడూ గ్యాస్‌ను 250 బార్ దాకా ఒత్తి సిద్ధంగా ఉంచుతుంది. పైపులైను రాని చోట్ల ఇలా కుదరదు. మదర్ స్టేషన్ అనే పెద్ద బంకులో సిలిండర్ల గుత్తులను నింపి, లారీ మీద ఎక్కించి, డాటర్ స్టేషన్ అనే చిన్న బంకుకు తీసుకువస్తారు. లారీ వచ్చిన కొత్తలో పీడనం బాగుంటుంది. బండ్లు నింపుకుంటున్న కొద్దీ గుత్తిలోని పీడనం తగ్గుతూ వస్తుంది. పీడనం పెంచే బూస్టరు యంత్రం ఉన్నా నింపడానికి ఎక్కువసేపు పడుతుంది, చివర్లో వచ్చినవారికి సిలిండరు సగం, ముప్పావు వంతే నిండుతుంది. తర్వాతి లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బోర్డు తిప్పేస్తారు. కనుక మీకు వీలైతే పైపులైను మీదున్న బంకు ఏదో తెలుసుకుని అక్కడికే వెళ్లండి, లేదా డాటర్ స్టేషన్‌కు లారీ వచ్చే వేళ కనుక్కోండి.

డబ్బు విషయంలో ఒక ధైర్యం చెప్పగలను. బంకు మీటరు కొలిచేది పీడనాన్నీ కాదు, ఘనపరిమాణాన్నీ కాదు. గొట్టం గుండా వెళ్లిన గ్యాస్ బరువును. మీరు చెల్లించేది కిలోల లెక్కన కనుక సగం నిండితే సగం డబ్బే పోతుంది. నష్టమల్లా మళ్లీ వరుసలో నిలబడే సమయం. ఆ సమయానికి ఎవరూ పరిహారం ఇవ్వరు, నిజమే.

ప్రశ్న: 2014లో నగరం గ్రామంలో జరిగింది మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఇప్పుడు అదే గ్యాస్‌ను కారు డిక్కీలో పెట్టుకుని పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టమంటున్నారు. ఇది సురక్షితమేనా?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: మీ భయానికి కారణం ఉంది కనుక దాన్ని కొట్టిపారేయకుండా చెబుతాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం వద్ద ప్రభుత్వ రంగ గ్యాస్ సంస్థ గెయిల్ పైపులైను పగిలి, చుట్టూ కమ్ముకున్న గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పైపులో వెళుతున్నది మనం బంకులో కొనే పొడి గ్యాస్ కాదు. బావి నుంచి వచ్చిన గ్యాస్‌లో నీరు, ద్రవరూపంలోని బరువైన హైడ్రోకార్బన్లు కలిసి ఉన్నాయి. అలాంటి తడి గ్యాస్ ఉక్కు పైపును లోపలి నుంచి తినేస్తుంది, బయటికి వచ్చినప్పుడు దానిలోని బరువైన ఆవిరి పైకి పోకుండా నేలను పట్టుకుని పాకుతుంది. శుద్ధి చేసి వాహనాలకు ఇచ్చే గ్యాస్‌లో అధిక భాగం మీథేన్. మీథేన్ గాలిలో దాదాపు సగం బరువే ఉంటుంది కనుక కారితే పైకి లేచి చెదిరిపోతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది, అంటుకోవడానికి కూడా 540 డిగ్రీల సెల్సియస్ దరిదాపు వేడి కావాలి. పెట్రోలు ఆవిరి అందులో సగం వేడికే అంటుకుంటుంది. ఈ మూడు గుణాల వల్ల ఆరుబయట సీఎన్‌జీ కారడం పెట్రోలు కారడం కంటే తక్కువ ప్రమాదకరం. మూసి ఉన్న గ్యారేజీలోనో, పైకప్పు కింద గాలి ఆడని సెల్లార్‌లోనో కారితే ఈ మాట వర్తించదు.

అయితే మంట అసలు భయం కాదు, పీడనమే. 200 బార్ వద్ద ఉన్న సిలిండరు ఒకవేళ పగిలితే నిప్పు లేకుండానే కారును చీల్చివేయగలదు. అందుకే సిలిండర్ల తయారీకి అనుమతి ఇవ్వడం దగ్గర నుంచి పరీక్ష దాకా నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పర్యవేక్షిస్తుంది. పని పీడనం కంటే ఎంతో ఎక్కువ పీడనానికి నీటితో నింపి చేసే హైడ్రో పరీక్షను మూడేళ్లకొకసారి చేయించడం తప్పనిసరి. సిలిండరు మూతి వద్ద ఉండే వాల్వు, గొట్టం తెగితే దానంతట అదే ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. పక్కనే మంట లేస్తే కరిగి గ్యాస్‌ను క్రమంగా బయటికి వదిలే రక్షణ కూడా ఉంటుంది. ఈ ఏర్పాట్లన్నీ ఉన్న, కంపెనీ నుంచే వచ్చిన కారులో మీ పిల్లలను నిస్సంకోచంగా కూర్చోబెట్టవచ్చు.

ప్రమాదాల వెనుక తరచుగా కనిపించేవి పరీక్ష గడువు దాటిన సిలిండర్లు, వెల్డింగు చేసిన సిలిండర్లు, వేరే పనికి తయారైనవాటిని తెచ్చి బిగించినవి. పాత కారు కొంటున్నప్పుడు సిలిండరు మెడ మీద చెక్కిన పరీక్ష తేదీని చూడకుండా బయానా ఇవ్వకండి. గ్యాస్‌కు కలిపే ఘాటు వాసన కారులో వస్తే సిలిండరు వాల్వును చేత్తో మూసి, తలుపులు తెరిచి, పెట్రోలు మీద నెమ్మదిగా సర్వీసు కేంద్రానికి వెళ్లండి. బంకులో నింపుతున్నంతసేపు అందరూ దిగి పక్కకు నిలబడాలన్న నియమాన్ని వానొచ్చినా, పసిబిడ్డ నిద్రపోతున్నా పాటించండి. నింపే ఆ కొద్ది నిమిషాల్లోనే సిలిండరు మీద ఒత్తిడి ఎక్కువగా పడుతుంది.

ప్రశ్న: మా పాత పెట్రోలు కారుకు బయట షెడ్డులో కిట్ బిగిస్తామంటున్నారు. కంపెనీ కిట్‌తో పోలిస్తే సగం ఖర్చే. బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ షెడ్డుకు రవాణా శాఖ గుర్తింపు, ఆ కిట్‌కు మీ కారు మోడల్‌కు వర్తించే ఆమోదపత్రం ఉంటే బిగించుకోవచ్చు. బీఎస్–6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన కార్లకు కూడా ఆమోదం పొందిన కిట్‌లను అమర్చుకునేందుకు కేంద్రం 2022లో నిబంధనలు సవరించింది. కిట్ పడిన తర్వాత ఆర్‌సీలో ఇంధనం మార్పు నమోదు చేయించాలి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఈ రెండూ చేయనివారు ప్రమాదం జరిగిన రోజున బీమా సొమ్ము రాక బాధపడతారు.

ఇంజను సంగతి కూడా ఆలోచించండి. ద్రవ ఇంధనంలా కాకుండా గ్యాస్ వాల్వుల మీద పొడిగా తగులుతుంది. కంపెనీలు గ్యాస్ కార్లలో వాల్వు సీట్లను గట్టి లోహంతో చేస్తాయి. మీ పాత కారులో అవి ఉండవు కనుక కాలం గడిచేకొద్దీ అరిగిపోయి కంప్రెషన్ తగ్గుతుంది. స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు త్వరగా మార్చవలసి వస్తుంది. గాలి వెళ్లవలసిన చోటును గ్యాస్ కొంత ఆక్రమించడం వల్ల శక్తి పదో వంతు దాకా పడిపోతుంది. చదునైన రోడ్డు మీద తెలియదు గాని ఏసీ వేసి నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు కిట్ పెట్టడం నా దృష్టిలో అనవసరపు ఖర్చు.

ప్రశ్న: ఎల్‌పీజీ కిట్ ఉన్న ఆటోలో సీఎన్‌జీ నింపవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. కొద్దిపాటి ఒత్తిడికే ద్రవమవుతుంది కనుక దాని ట్యాంకు పదిహేను, ఇరవై బార్‌ల లోపు పనికి తయారైనది. దానిలోకి 200 బార్ వాయువును పంపడం బాంబు తయారుచేయడమే. వంటగ్యాస్ సిలిండరును బండికి తగిలించడం కూడా చట్టవిరుద్ధమూ, ప్రమాదకరమూను.

ప్రశ్న: నాకు మూడు లారీలున్నాయి. డీజిలు ఖర్చు భరించలేకపోతున్నాను. పెద్ద లారీలు గ్యాస్ మీద నడుస్తాయా?
– లారీ యజమాని, సూర్యాపేట

జవాబు: నడుస్తాయి గాని చిక్కంతా ఇంధనం పెట్టుకునే చోటు దగ్గరే ఉంది. లీటరు డీజిలులో ఉన్న శక్తిని 200 బార్ సీఎన్‌జీగా మోయాలంటే సుమారు నాలుగు లీటర్ల చోటు కావాలి. అందుకే నగరాల చుట్టూ తిరిగే చిన్న, మధ్యతరహా సరుకు బండ్లకు సీఎన్‌జీ సరిపోతుంది, రాత్రింబవళ్లు రాష్ట్రాలు దాటే పెద్ద లారీకి సరిపోదు. వాటి కోసం వచ్చినదే ఎల్‌ఎన్‌జీ. సహజవాయువును సున్నాకు 162 డిగ్రీలు దిగువకు చల్లబరిస్తే ద్రవమై, పరిమాణం ఆరువందల వంతుకు తగ్గుతుంది. లీటరు డీజిలుకు బదులు లీటరున్నర నుంచి రెండు లీటర్ల చోటు ఉంటే చాలు. ఆ ద్రవాన్ని ఫ్లాస్కు వంటి రెండు గోడల ట్యాంకులో మోస్తూ, ఇంజనుకు వెళ్లేముందు వేడిచేసి మళ్లీ వాయువుగా మారుస్తారు. చైనాలో ఏటా లక్షకు పైగా ఎల్‌ఎన్‌జీ లారీలు అమ్ముడవుతున్నాయి. మన దేశంలో స్వర్ణ చతుర్భుజి రహదారుల వెంట 50 ఎల్‌ఎన్‌జీ బంకులకు 2020 నవంబరులో శంకుస్థాపన చేశారు, తర్వాత కొందరు తయారీదారులు లారీలనూ మార్కెట్లోకి తెచ్చారు.

మూడు లారీల యజమానిగా మీరు తెలుసుకోవలసిన విషయం మరొకటుంది. ఎల్‌ఎన్‌జీ ట్యాంకు ఎంత బాగా కట్టినా బయటి వేడి కొద్దికొద్దిగా లోపలికి చేరి, ద్రవం ఆవిరవుతూ పీడనం పెరుగుతుంది. రోజూ తిరిగే లారీ ఆ ఆవిరిని వాడేసుకుంటుంది, సరుకు దొరకక వారం రోజులు షెడ్డులో నిలబడిన లారీ దాన్ని గాలిలోకి వదిలేస్తుంది. కనుక ఈ లారీలు ఒకే దారిలో, ఖాయమైన కిరాయితో, సిమెంటు కంపెనీకో ఓడరేవుకో ఒప్పందం మీద తిరిగే పెద్ద రవాణాదారులకు లాభం. లోడు ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లే మీవంటివారు, మీ దారిలో కనీసం రెండు బంకులు పనిచేస్తున్నట్లు కళ్లతో చూసే దాకా ఆగడం మంచిది. ఉన్న డీజిలు ఇంజనును గ్యాస్‌కు మార్చుకోవడమూ తేలిక కాదు. డీజిలు ఒత్తిడికే అంటుకుంటుంది గాని మీథేన్ అలా అంటుకోదు కనుక స్పార్క్ ప్లగ్గులు పెట్టి, కంప్రెషన్ నిష్పత్తి తగ్గించి, తలభాగం అంతా మార్చాలి.

ప్రశ్న: సహజవాయువు కూడా భూమిలోంచి తీసే ఇంధనమే కదా! దాన్ని స్వచ్ఛ ఇంధనం అనడం న్యాయమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీరు అడిగింది రెండు వేర్వేరు స్వచ్ఛతల గురించి. ఒకటి మన ఊపిరితిత్తులకు, రెండవది భూవాతావరణానికి సంబంధించినది. ప్రభుత్వ ప్రకటనలు రెండింటినీ కలిపి చెబుతాయి కనుక తికమక సహజమే.

ఊపిరితిత్తుల విషయంలో ఢిల్లీ అనుభవం పెద్ద ఉదాహరణ. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 1998 జులై 28న, 2001 మార్చి 31 నాటికి నగర బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని ఆదేశించింది. ప్రభుత్వాలు గడువులు పొడిగించమని వేడుకున్నాయి, బంకులు చాలక ఆటోలు, బస్సులు కిలోమీటర్ల పొడవున రాత్రంతా వరుసకట్టాయి, కొత్తలో కొన్ని బస్సులు అగ్నిప్రమాదాలకూ గురయ్యాయి. న్యాయస్థానం పట్టు విడవకుండా 2002 ఏప్రిల్‌లో జరిమానాలు విధించిన తర్వాతే పని జరిగి, ఆ ఏడాది ముగిసేసరికి డీజిలు సిటీ బస్సులు రోడ్ల మీద నుంచి తొలగిపోయాయి. పాత డీజిలు బస్సు చిమ్మే నల్లటి పొగ, మసి కణాలు గ్యాస్ బస్సులో దాదాపు ఉండవు. ఆనాడు బస్టాపులో నిలబడినవారికి దాని విలువ తెలుసు. అయినా ఢిల్లీ గాలి శుభ్రపడలేదు కదా అని మీరు అడగవచ్చు. వాహనాల సంఖ్య విపరీతంగా పెరిగింది, ధూళి, పంట వ్యర్థాల మంటలు, పరిశ్రమలు వేరే ఉన్నాయి. అదీగాక గ్యాస్ ఇంజను నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. 2024లో వెలువడిన ఒక పరిశీలనలో ఢిల్లీ, గురుగ్రామ్ రోడ్లపై తిరుగుతున్న వాహనాల పొగను దారి పక్కనుంచే కొలిచినప్పుడు, కొన్ని సీఎన్‌జీ సరుకు బండ్లు, టాక్సీలు ప్రయోగశాల పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఈ వాయువులను వదులుతున్నట్లు తేలింది. పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక కన్వర్టరు పాడైనా మార్చకపోతే నల్లపొగ కనిపించదు గాని కంటికి కనిపించని విషం వస్తూనే ఉంటుంది.

వాతావరణం విషయానికొస్తే, ఒకే శక్తికి మీథేన్ మండినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు పెట్రోలు, డీజిళ్ల కంటే 20 నుంచి 25 శాతం తక్కువ. అయితే మండకుండా కారిపోయిన మీథేన్, వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లకు తక్కువ కాకుండా, ఇరవై ఏళ్ల లెక్కన ఎనభై రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. బావి నుంచి బండి ఇంజను దాకా దారిలో మూడు, నాలుగు శాతం గ్యాస్ కారిపోయినా పైన చెప్పిన లాభమంతా హరించుకుపోతుంది. కనుక నా సమాధానం ఇది: మసి విషయంలో స్వచ్ఛమన్న మాట న్యాయమే, భూతాపం విషయంలో ఆ మాట పైపుల కీళ్ల బిగువును బట్టి ఉంటుంది.

ప్రశ్న: గోదావరి గ్యాస్ మన ఇంటి ముందునుంచే పోతున్నప్పుడు సీఎన్‌జీ ధర ఎందుకు పెరుగుతోంది? ముందుముందు ఇంకా పెరిగితే కొన్న బండి ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: గ్యాస్ ఎక్కడ పుట్టిందన్నదానిని బట్టి దాని ధర నిర్ణయం కాదు. పాత క్షేత్రాల నుంచి ఓఎన్‌జీసీ వంటి సంస్థలు తీసే గ్యాస్ ధరను కేంద్రం ఒక సూత్రం ప్రకారం ప్రకటిస్తుంది. 2022 ఏప్రిల్‌లో పది లక్షల బీటీయూలకు (బీటీయూ అంటే గ్యాస్‌లోని శక్తిని కొలిచే ప్రమాణం) 2.90 డాలర్ల నుంచి 6.10కి, అదే ఏడాది అక్టోబరులో 8.57కి పెరగడంతో సీఎన్‌జీ బండ్ల వాళ్లు గగ్గోలు పెట్టారు. గ్యాస్ ధరలపై కేంద్రం నియమించిన కిరీట్ పారిఖ్ కమిటీ సూచనల తర్వాత 2023 ఏప్రిల్ నుంచి దేశంలోకి వచ్చే ముడిచమురు ధరలో పదో వంతుగా దాన్ని లెక్కగట్టి, 6.5 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. 2025లో ఆ పరిమితి 6.75 అయింది. ఈ చౌక గ్యాస్‌లో ఇళ్లకూ వాహనాలకూ మొదటి వాటా ఇస్తారు గాని, బండ్లు పెరుగుతున్నాయి, పాత బావులు ఎండుతున్నాయి. 2024 చివర్లో ఆ వాటాను తగ్గించినప్పుడు పంపిణీ సంస్థలు లోటును లోతు సముద్రపు గ్యాస్‌తోనో, దిగుమతి చేసుకున్న ఎల్‌ఎన్‌జీతోనో పూడ్చుకోవలసి వచ్చింది. దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. జీఎస్‌టీలో చేర్చకపోవడం వల్ల రాష్ట్రానికో పన్ను ఉండడం దీనికి తోడు.

కాకినాడ వాసులకు గ్యాస్ మీద పెట్టుకున్న ఆశ ఎలా వమ్మవుతుందో కొత్తగా చెప్పనక్కరలేదు. కృష్ణా–గోదావరి తీరానికి ఆవల సముద్రంలో ఉన్న కేజీ–డీ6 క్షేత్రం నుంచి 2009లో గ్యాస్ మొదలై, మరుసటి ఏడాది రోజుకు ఆరు కోట్ల ఘనమీటర్ల దరిదాపుకు చేరి, ఆ తర్వాత వేగంగా పడిపోవడంతో దాన్ని నమ్ముకుని కట్టిన విద్యుత్కేంద్రాలు ఏళ్ల తరబడి మూతపడ్డాయి. మీ దగ్గరి గాడిమొగ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపు వేసిన తర్వాత కూడా ఆ దారిలోని ఎన్నో పట్టణాలకు గ్యాస్ బంకు రావడానికి పదేళ్లు పట్టింది. 2020 డిసెంబరు నుంచి లోతు సముద్రంలోని కొత్త క్షేత్రాలు మొదలై ఉత్పత్తి కోలుకుంది.

వేరే దేశాల అనుభవం కూడా పనికివస్తుంది. 1979 తర్వాత న్యూజిలాండ్ రాయితీలిచ్చి లక్షకు పైగా వాహనాలను సీఎన్‌జీకి మార్చింది. 1980ల మధ్యలో రాయితీలు ఆపేయడం, చమురు ధర పడిపోవడం ఒకేసారి జరగడంతో కొన్నేళ్లలోనే బంకులు మూతపడ్డాయి. పాకిస్తాన్ ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యధిక సీఎన్‌జీ వాహనాలున్న దేశం. ఇళ్లకే గ్యాస్ చాలని పరిస్థితి రావడంతో వారంలో కొన్ని రోజులు బంకులు మూసేశారు. మన దగ్గర 2014లో వెయ్యిలోపు ఉన్న బంకులు ఇప్పుడు ఏడు వేలు దాటాయి కనుక అంత పతనం వస్తుందని నేననుకోను. మీ కారు పెట్రోలు మీద కూడా నడుస్తుంది కాబట్టి మీకు పూర్తి నష్టం రాదు. గ్యాస్ మీద మాత్రమే నడిచే ఆటోల వారికే ధర పెరిగినప్పుడల్లా దెబ్బ. మీ బండి లెక్క వేసుకునేటప్పుడు నేటి ధరల తేడా మూడేళ్ల తర్వాత సగానికి తగ్గినా నష్టం రాకుండా ఉందా అని చూసుకోండి.

ప్రశ్న: సీఎన్‌జీ మోటారుసైకిల్ వచ్చిందట, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: నిజమే. బజాజ్ సంస్థ 2024 జులైలో ఫ్రీడమ్ 125 అనే బండిని విడుదల చేసింది. సీటు కింద రెండు కిలోల గ్యాస్ పట్టే సిలిండరు, ముందు రెండు లీటర్ల పెట్రోలు ట్యాంకు ఉంటాయి. కిలో గ్యాస్‌కు వంద కిలోమీటర్లకు పైగా నడుస్తుందని కంపెనీ చెబుతోంది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రవాళ్లకు ఉపయోగం. కాలేజీకి వెళ్లి వచ్చేందుకైతే బంకు వరుసలో నిలబడే ఓపిక ముందు తెచ్చుకోవాలి.

ప్రశ్న: మా ప్రాంతంలో నేపియర్ గడ్డి పెంచి బండ్లకు గ్యాస్ తయారుచేస్తామని, భూములు కౌలుకు ఇవ్వమని అడుగుతున్నారు. గడ్డితో బండి నడుస్తుందా? ఇవ్వవచ్చా?
– రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: గడ్డితో బండి నడుస్తుంది, అందులో సందేహం అక్కరలేదు. గడ్డి, పేడ, కూరగాయల వ్యర్థాలు గాలి తగలకుండా మురిగినప్పుడు వచ్చే గోబర్‌గ్యాస్‌లో 55, 60 శాతం మీథేన్, మిగిలినదానిలో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువు, కొద్దిగా కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. ఆ రెండింటినీ తొలగించి మీథేన్‌ను 90 శాతం దాటించి ఒత్తితే అది సీబీజీ, అంటే కంప్రెస్డ్ బయోగ్యాస్ అవుతుంది. బండికి దానికీ బావి గ్యాస్‌కూ తేడా తెలియదు. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన కర్మాగారం రోజుకు 550 టన్నుల తడిచెత్త నుంచి సుమారు 17 వేల కిలోల గ్యాస్ తయారుచేసేలా కట్టినది. అక్కడి సిటీ బస్సులకు అది ఇంధనం.

కేంద్రం 2018 అక్టోబరులో సతత్ అనే పథకం ప్రారంభించి, ఐదు వేల కర్మాగారాలు వస్తాయని చెప్పి, మొదట కిలోకు 46 రూపాయల ధర హామీ ఇచ్చింది. ఆ లక్ష్యానికి చాలా దూరంలోనే ఆగిపోయాం. ఏడాది పొడవునా ఒకే నాణ్యత గల ముడిసరుకు దొరకకపోవడం, మిగిలిన ఎరువుకు కొనుగోలుదారులు లేకపోవడం ముఖ్య కారణాలు. ఇప్పుడు పంపిణీ సంస్థలు తాము అమ్మే గ్యాస్‌లో 2025–26లో ఒక శాతం, 2028–29 నాటికి 5 శాతం సీబీజీ కలపాలన్న నిబంధన పెట్టారు కనుక గిరాకీ ఖాయమైంది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి ప్రాంతంలో శంకుస్థాపన జరిగిన కర్మాగారం ఈ గిరాకీని చూసి వచ్చినదే.

ఇక మీ భూమి సంగతి. నేపియర్ ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు, ఏడాదికి పలుమార్లు కోతకు వస్తుంది. అయితే పచ్చగా, బరువుగా పెరగాలంటే నీరు కావాలి. మీ జిల్లాలో నీరు ఎంత అపురూపమో మీకు చెప్పవలసిన పని లేదు. కౌలు ఒప్పందంలో బోరు ఎవరు వేస్తారు, కరెంటు బిల్లు ఎవరిది, గడువు ముగిశాక గడ్డి దుబ్బులు తీయించి భూమిని దున్నించి ఇచ్చే బాధ్యత ఎవరిది అన్న మూడూ రాతలో ఉన్నాయో లేదో చూడండి. కౌలు ఏటా ముందుగా చెల్లిస్తారా, కోత తర్వాతా, కర్మాగారం ఆగిపోతే ఒప్పందం ఏమవుతుంది అన్నవీ అడగండి. పదిహేను, ఇరవై ఏళ్ల ఒప్పందానికి ఏటా కౌలు పెరిగే నిబంధన లేకపోతే సంతకం పెట్టకండి. ఏమీ పండని మెట్ట ఉంటే అది ఇవ్వడంలో నష్టం లేదు. శనగ, కంది పండే చెలకను మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.